అన్నం తిని పండుకో

కిందటి వారం జ్యోత్స్నను మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి ఆగాం. ఆమె ఒళ్లోని సంచిలో ఇరవై ఆరు కాగితాలున్నాయి. ముందు రోజు సూర్యాపేట నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్న ఆ కాగితాల నిండా ఆమె భర్త చందు మాటలే. చందు పోయి ఎనిమిది నెలలు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ల కోసం వెనక జరిగింది కొంచెం చెబుతాను.

హైదరాబాదులో నలుగురు కుర్రాళ్లు కలిసి "ఒక్కముక్క" అనే సైటు పెట్టారు. నూటనలభై అక్షరాలు దాటకుండా ఒక మాట రాసి అయిదంకెల నంబరుకు మెసేజ్ కొడితే, లేదా కంప్యూటర్లో సైటు తెరిచి రాస్తే, మనతో జత కట్టిన వాళ్లందరి ఫోన్లకూ అది వెళ్లేది. రాసిన ప్రతిదాన్నీ ముక్క అనేవాళ్లు. మామూలు బటన్ల ఫోను చాలు. తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లు. కోదాడలో ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే జ్యోత్స్నకు, సూర్యాపేటలో పొలం మోటార్లకు వైండింగు చేసే చందుకు పరిచయమైంది అక్కడే. "తుంగతుర్తిల వాన. మోటరు తడిసింది, నేను తడిసిన, చాయ్ ఒక్కటే వేడిగ ఉంది" అని చందు రాసిన ముక్క ఎవరి ద్వారానో ఆమె ఫోనుకు చేరింది. "మోటారు తడిస్తే తప్పు, మీరు తడిస్తే తప్పులేదు" అని ఆమె జవాబు రాసింది. మనిషిని మనిషి చూసుకోవడానికి ముందు ఏడాది పాటు వాళ్లు ముక్కల్లోనే మాట్లాడుకున్నారు. ఆమెది చర్చికి పోయే కుటుంబం, అతనిది గుడికి పోయే కుటుంబం. రెండు వైపులా గొడవలయ్యాయి. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని వచ్చిన కోడలిని గుమ్మంలో నిలబెట్టి, చందు తల్లి సక్కుబాయి అన్న మాట ఇది: "నీ దేవుడు నీకు, నా దేవుడు నాకు. అన్నం మాత్రం ఒక్క కుండల్నే." ఆ మాటతో ఆ ఇంట్లో గొడవ ముగిసింది.

పోయిన జూన్‌లో చందు కోదాడ దగ్గర చిలుకూరుకు మోటారు బిగించడానికి పోయాడు. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు జ్యోత్స్న ఫోనుకు అతని ముక్క వచ్చింది. "పని కాలే. ఇయ్యాల రాను. రేపు పొద్దుగాల బస్సుకొస్త. అన్నం తిని పండుకో." ఆమె అన్నం తిని పడుకుంది. మర్నాడు పదకొండు గంటలకు తెలిసింది, మునగాల దాటాక రోడ్డు పక్కన పడి ఉన్న మనిషిని ఎవరో ఫోన్ చేస్తే అంబులెన్సు తీసుకొచ్చిందని, జేబులో పర్సు గాని ఫోను గాని లేకపోవడంతో పేరు తెలియని మనిషిగానే సూర్యాపేట దవాఖానలో ఉన్నాడని, తెల్లవారుజామున నాలుగూ నలభైకి ప్రాణం పోయిందని. బస్సు దిగి రోడ్డు దాటుతుంటే ఏదో బండి గుద్ది పోయిందని పోలీసులు రాసుకున్నారు.

ఈ ఎనిమిది నెలలూ జ్యోత్స్న ఒక్కటే నమ్మింది. రానని రాసిన తరువాత అతను మనసు మార్చుకున్నాడు. తన కోసమే బయల్దేరాడు. ఆ మెసేజ్ ఎనిమిదిన్నరకు చేరినా, ఏ ఆరింటికో రాసి ఉంటాడు. ఒక్కముక్క మెసేజులు గంటా రెండు గంటలు ఆలస్యంగా రావడం అందరికీ అలవాటే.

ఈ ఫిబ్రవరిలో ఒక్కముక్క మూతపడుతోందని, ఎవరి ముక్కలు వాళ్లు నెలాఖరులోగా దింపుకోవాలని కబురొచ్చింది. భర్త పాస్‌వర్డ్ ఆమెకు తెలుసు. మొత్తం దింపుకుని చూస్తే, ప్రతి ముక్క పక్కన అది రాసిన అసలు టైము, ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వివరం కూడా ఉన్నాయి. వెయ్యిన్నీ నూట పన్నెండు ముక్కలు ఫోను నుంచి వచ్చాయి. ఆఖరిది మాత్రం కంప్యూటర్ నుంచి వచ్చింది. టైము ఎనిమిదీ నాలుగు.

చందుకు కంప్యూటర్ ముట్టుకోవడం రాదు. అతనికి ఒక్కముక్కలో అకౌంటు తెరిచి ఇచ్చింది అతని తమ్ముడు ధర్మేందర్. ఆ పాస్‌వర్డ్ తెలిసిన మూడో మనిషి అతనొక్కడే. మిర్యాలగూడలో ఎరువుల దుకాణం పైన నెట్ సెంటర్ నడుపుతున్నాడు.

బస్సు ఊళ్లోకి వచ్చింది.

రైసుమిల్లుల ఊక బూడిద గాలిలో తేలుతూ మెట్ల మీద సన్నగా పరుచుకుని ఉంది. జ్యోత్స్న మెట్లెక్కి వెళ్లేసరికి కరెంటు పోయింది. పన్నెండు నుంచి రెండు దాకా రోజూ పోయేదే. ప్లైవుడ్ గదుల్లో కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలు లేచి, ఆమెను తప్పుకుని దిగిపోయారు. యూపీఎస్ కుయ్‌మంటూ అరుస్తుంటే ధర్మేందర్ బల్ల కింద వంగి ఆపుతున్నాడు. తలెత్తి ఆమెను చూశాడు.

"వదినె, వస్తున్ననని ఒక్క ఫోన్ జేస్తే బస్టాండుకు వస్తుంటి గద."

"చెప్పకుండానే వచ్చాను."

"అమ్మ మంచిగున్నదా?"

"బాగానే ఉంది."

కుర్చీ తుడిచి వేశాడు. ఎనిమిది నెలల్లో మనిషి సగమయ్యాడు. గడ్డం పెరిగింది. పోయిన ఏడాది ఈ రోజుల్లో పొద్దున్నే లేచి మైదానం చుట్టూ పరుగెత్తేవాడు. కానిస్టేబులు సెలెక్షన్‌కు. సెలెక్ట్ కూడా అయ్యాడు. ఆగస్టులో ట్రెయినింగుకు రమ్మని కాగితం వస్తే పోలేదు. అన్న పోయిన దుఃఖంలో ఉన్నాడులే అని అందరూ అనుకున్నారు. జ్యోత్స్న కూడా అదే అనుకుంది. పొమ్మని రెండుసార్లు బతిమాలింది కూడా.

ఆమె సంచిలోంచి ఆఖరి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది చదువు."

కిటికీ వెలుతురుకు కాగితం పట్టుకుని చదివాడు. కింది వరుసకు వచ్చేసరికి అతని బొటనవేలు కాగితం మీద ఆగిపోయింది.

"అన్న రాసిన ఆఖరిది గద," అన్నాడు.

"ఆ పక్కన ఏముందో చూడు."

చాలాసేపు చూశాడు. "సైటోళ్లు ఏదో తప్పేసినట్టున్నరు వదినె."

"వెయ్యిన్నీ నూటపన్నెండు సరిగ్గా వేసి, ఈ ఒక్కటీ తప్పు వేశారా?"

"కోదాడల మస్తు నెట్ సెంటర్లున్నయి. అన్న యాడనో కూసోని కొట్టిండేమో."

"మీ అన్నకు మౌసు పట్టుకోవడం రాదని నువ్వే నవ్వేవాడివి ధర్మా." ఆమె గొంతు పెరగలేదు. స్కూల్లో తప్పు లెక్కను పిల్లాడి చేతనే దిద్దించే అలవాటు ఆమెది. "టైము చూడు. ఎనిమిదీ నాలుగు. అంబులెన్సు వాళ్లు మునగాల దగ్గర ఆయన్ను ఎక్కించుకున్నది ఏడూ నలభై అయిదుకు. ఆ కాగితం కూడా నా దగ్గరుంది. అంబులెన్సులో పడుకున్న మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను అన్నం తినమని ఎలా రాస్తాడు?"

ధర్మేందర్ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. జాగ్రత్తగా, మడత పడకుండా పెట్టాడు. లేచి వెళ్లి షట్టరు సగానికి దించి వచ్చాడు. గది మసకబారింది. మళ్లీ కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"నేనే రాసిన," అన్నాడు.

జ్యోత్స్న ఈ మాట కోసమే వచ్చింది. దారి పొడుగునా ఈ మాట వింటే ఏం చేయాలో అనుకుంటూనే వచ్చింది. కొట్టాలనుకుంది. పోలీసు స్టేషనుకు ఈడ్చుకెళ్లాలనుకుంది. తీరా విన్నాక ఆమె చేతులు రెండూ ఒళ్లో అలాగే పడి ఉన్నాయి.

"మొత్తం చెప్పు," అంది.

"ఆ దినమే సెలెక్షన్ లిస్టు వచ్చింది. నా పేరున్నది. దోస్తు బండి తీస్కోని కోదాడకు పోయిన. అన్న చిలుకూరుల ఉన్నడని తెలుసు. ముందుగాల అన్నకే చెప్పాలనిపించింది. నీకు, అమ్మకు ఇంటికొచ్చినంక ఇద్దరం కలిసి చెప్దమని అన్న అన్నడు."

"అంటే ఆ రోజు పని అయిపోయిందా?"

"మూడు గంటలకే అయిపోయింది. ఇంటికే వస్తున్నం వదినె. నీకు కోదాడల కారా బూంది పొట్లం కొన్నడు."

జ్యోత్స్న కళ్లు మూసుకుంది. పని కాలే, ఇయ్యాల రాను. ఎనిమిది నెలలుగా ఆమె ఫోనులో దాచుకున్న మాట. ఫోను పాతబడి బటన్లు పని చేయకపోయినా, ఆ మెసేజ్ పోతుందని మార్చలేదు.

"తరువాత?"

"నేను రెండు బీర్లు తాగిన. అన్న తాగలే. బండి నేను నడుపుతనన్నడు. నేనే ఇయ్యలే. సంతోషం మీద ఉన్న, ఇయ్యలే." ధర్మేందర్ తన మోకాళ్లతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెబుతున్నాడు. "మునగాల దాటినంక ముందట ట్రాక్టరు ట్రాలీ ఉండె. ఎన్క లైటు లేదు. దగ్గరికొచ్చేదాక కనవడలే. పక్కకు కోసిన. నేను మట్టిల వడ్డ. అన్న ట్రాలీ మూలకు తగిలిండు. ట్రాక్టరోడు ఆగలే. వానికి తెలిసిందో లేదో గూడ తెల్వది."

కింద దుకాణం ముందు ఎవరో లారీ రివర్సు తీయిస్తూ అరుస్తున్నారు. ఆ అరుపులు ఆగాక ధర్మేందర్ మళ్లీ అందుకున్నాడు.

"అన్నా అన్నా అని పిలిసిన. పలుకలే. అన్న ఫోన్ తీసిన, పలిగిపోయింది. నా ఫోన్ల నుంచి అమ్మకు జేసిన."

"ఎవరికి?"

అతను తలెత్తాడు. చెప్పకూడని మాట నోరు దాటిందని అతని మొహం చూస్తేనే తెలుస్తోంది. కాని ఇక దాచే ఓపిక అతనిలో లేదు.

"అమ్మకు. అన్న పోయిండమ్మా అని చెప్పిన."

జ్యోత్స్నకు ఆ సాయంత్రం కళ్ల ముందుకు వచ్చింది. ఏడు దాటి కొంచెం సేపైంది. తను ముందు గదిలో పరీక్ష పేపర్లు దిద్దుతోంది. అత్తమ్మ ఫోను మోగింది. అత్తమ్మ ఫోను తీసుకుని పెరట్లోకి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ఎవరత్తమ్మా అని తను లోపలి నుంచే అడిగింది. తుంగతుర్తి నుంచి మా చెల్లె అని జవాబొచ్చింది.

"ఏమంది?"

"శానసేపు ఏం మాట్లాడలే. నేను హలో హలో అంటనే ఉన్న. తర్వాత, నువ్వు మంచిగున్నవా అని అడిగింది. ఎవలన్న సూసిన్రా అని అడిగింది. తాగినవా అని అడిగింది. తాగిన అన్న. అప్పుడన్నది, ఒకడు పాయె, రెండోవాన్ని నా చేతులతోని జైలుకు తోలలేనన్నది. కేసయితే నౌకరి రాదు బిడ్డా, ఆడ ఉండకు అన్నది. ఇంటికి రాకు, మిర్యాలగూడకు పో, పొద్దంత గాడనే ఉన్ననని చెప్పు అన్నది."

"పర్సు?"

"తీసిన. ఎందుకు తీసిన్నో నాకే సమజ్ కాలే. పేరు తెల్వకుంటే జర ఆలస్యం అయితదనుకున్ననేమో. ఫోను, పర్సు రెండూ సాగర్ కాలువల పడేసిన."

"నాకు ఆ మెసేజ్?"

"అదీ అమ్మే. జ్యోత్స్న ఊకోదు, పొద్దుగూకి రాకుంటే ఎతుకుతది, ఇయ్యాల ఒక్క రాత్రి ఎతకకుంట ఏదన్న చెయ్యి అన్నది. బండి ఎన్కకు తిప్పుకోని కోదాడకు పోయిన. బస్టాండు కాడ నెట్ సెంటర్ల కూసున్న. అన్న రాసినట్టు రాయాలె. పని కాలే అని రాసిన. రేపు వస్త అని రాసిన. ఆ ఆఖరి మాట…" అతను ఆగాడు.

"చెప్పు."

"అన్నం తిని పండుకో అని నేను అనుకోలే వదినె. అమ్మ చెప్పింది. గా పిల్ల మొగని కోసం అన్నం తినకుంట కూసుంటది, తినుమని గూడ రాయి అన్నది."

జ్యోత్స్న కుర్చీలోంచి లేచింది. ఎక్కడికి పోవాలో తెలియక కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఆ రాత్రి కంచం ముందు కూర్చున్నది ఆమెకు అన్నం మెతుకులతో సహా గుర్తుంది. బెండకాయ కూర. మెసేజ్ చూపించి, మీ కొడుకు రాడట అత్తమ్మా అంటే, రాకుంటే నీ కడుపెందుకు మాడాలె, తినవె అని అత్తమ్మే వడ్డించింది. తను చాలంటున్నా రెండోసారి వేసింది. పక్కనే కూర్చుని, తను తింటున్నంతసేపూ తన మొహమే చూస్తూ కూర్చుంది. మీరు తినరా అంటే కడుపు బాగాలేదంది. తిన్న కంచం తనను కడగనివ్వలేదు. పోయి పండు బిడ్డా, నేను కడుగుత అంది. కొడుకు చచ్చిపోయాడని తెలిసిన మనిషి, ఆ కొడుకు భార్యకు కడుపునిండా అన్నం పెట్టింది.

మర్నాడు శవం దగ్గర సక్కుబాయి స్పృహ తప్పి పడిపోతే తన ఒళ్లో తల పెట్టుకుని నీళ్లు చల్లింది జ్యోత్స్నే. ఆ తరువాత కోదాడ నుంచి నాన్న వచ్చి, ఇంటికి పోదాం పద బిడ్డా అన్నప్పుడు, అత్తమ్మను వదిలి రానని అతన్ని ఒంటరిగా పంపించింది. ఎనిమిది నెలలుగా ఒకే మంచం పట్టె మీద ఇద్దరూ కూర్చుని ఏడ్చారు. నేను ఆ రాత్రి వెతకాల్సింది అత్తమ్మా అని తను వంద సార్లు అని ఉంటుంది. ప్రతిసారీ సక్కుబాయి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టేది. నీ తప్పేం లేదు బిడ్డా, నీ తప్పేం లేదు. ఎంత మంచి మనిషి అనుకునేది తను.

"వదినె," అన్నాడు వెనక నుంచి ధర్మేందర్. "అమ్మను ఏమనకు. నేను అన్న పోయిండనే చెప్పిన. అన్న బతికున్నడని తెలిస్తే అమ్మ గట్ల చెయ్యకపోయేది. పోయిండనుకున్నం ఇద్దరం."

ఆమె వెనక్కి తిరిగింది. చెప్పిందంతా వరసగా తలలో పేర్చుకుంటోంది. ఎక్కడో ఒక మెట్టు తప్పింది.

"మునగాల దగ్గర మనిషి పడి ఉన్నాడని అంబులెన్సుకు ఫోన్ చేసిందెవరు?"

అతను షట్టరు వైపు చూశాడు.

"ట్రాక్టరు ఆగలేదన్నావు. ఎవరూ చూడలేదన్నావు. పేరు చెప్పకుండా ఎవరో మగమనిషి ఫోన్ చేశాడని పోలీసులు చెప్పారు. ఎవరు ధర్మా?"

"నేనే."

"చచ్చిపోయిన మనిషికి అంబులెన్సు ఎందుకు?"

బయట ఎండ తీవ్రంగా ఉంది. సగం దించిన షట్టరు కిందనుంచి ఒక పొడవాటి వెలుతురు చీలిక నేల మీద పడి, అతని పాదాల దగ్గరికి వచ్చి ఆగింది.

"కండ్లు తెరిసున్నయి," అన్నాడు చివరికి. "నా దిక్కే సూస్తున్నట్టున్నయి. సచ్చినోళ్ల కండ్లు గూడ గట్లనే ఉంటయని అనుకున్న. అనుకోవాలని అనుకున్న. బండి లేపి ఎక్కినంక, ఎన్కకు మర్రి సూసిన. చెయ్యి…" తన కుడిచెయ్యి ఎత్తి, వేళ్లు కొంచెంగా కదిపి చూపించాడు. "గింతే. గింతే కదిలింది. గాలికి అంగి కదిలిందేమో అనుకున్న. కాలువ కాడికి పోయేదాక గదే అనుకుంట పోయిన. ఆడ ఆగి అంబులెన్సుకు ఫోన్ జేసిన."

"అంతసేపు?"

"అర్ధగంట అయితదేమో."

ఆ అరగంట ఎంత పొడుగుందో ఇద్దరికీ తెలుసు. అరగంట ముందు అంబులెన్సు వచ్చి ఉంటే బతికేవాడా? జేబులో పర్సు ఉంటే, పేరు తెలిస్తే, తను దవాఖానకు పరుగెత్తి ఉంటే, హైదరాబాదుకు తీసుకెళ్లి ఉంటే? జ్యోత్స్న ఏదీ పైకి అడగలేదు. అతను వాటిలో ప్రతిదాన్నీ ఎనిమిది నెలలుగా తనను తానే అడుగుతున్నాడని ఆ గడ్డం, ఆ కళ్లు చెబుతున్నాయి. అయినా ఆమెకు జాలి రాలేదు. జాలి రాకపోవడం చూసి ఆమెకే భయం వేసింది. పెళ్లయిన కొత్తలో ఈ పిల్లవాడికి జ్వరమొస్తే తనే మూడు రోజులు నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

"అమ్మకు ఇది చెప్పావా? చెయ్యి కదిలిన సంగతి?"

"లేదు."

"ఎప్పుడూ?"

"ఎట్ల చెప్త వదినె? చెప్తే అమ్మ బతుకుతదా?"

అతను మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టాడు. బయటికి వినపడకుండా ఏడవడం బాగా అలవాటైన మనిషిలా ఏడ్చాడు. కొంతసేపటికి ముక్కు తుడుచుకుని, "స్టేషనుకు పోదామంటే ఇప్పుడే వస్త," అన్నాడు. "నౌకరికి పోలేకపోయిన. ఆ బట్టలు ఎట్ల తొడుగుత? ఎవల మీద కేసు రాస్త? నువ్వు ఒక్క మాటంటే ఇప్పుడే లేస్త వదినె."

జ్యోత్స్న బల్ల మీది కాగితం తీసి సంచిలో పెట్టుకుంది.

"నన్ను అడగకు," అంది. "నీ నిర్ణయం కూడా నన్నే చేయమనకు. ఎనిమిది నెలలు నేను మీ అన్నను చంపుకున్నానని ఏడుస్తుంటే, నువ్వూ మీ అమ్మా నా పక్కన కూర్చుని చూశారు."

షట్టరు కింద వంగి బయటికి వచ్చింది. మెట్లు దిగుతుంటే వెనక నుంచి అతను పిలుస్తాడేమో అనుకుంది. పిలవలేదు.

బస్టాండు దాకా నడిచే వచ్చింది. ఎవరో ఆటోవాడు ఎక్కమ్మా అంటూ కొంతదూరం పక్కనే వచ్చి, ఆమె మొహం చూసి ముందుకు పోయాడు. బస్టాండులో మంచినీళ్ల కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. అప్పుడొచ్చింది ఏడుపు. చందు కోసం అనుకుంది ముందు. కాదు, ఆ ముక్క కోసం. ఎనిమిది నెలలుగా ప్రతి రాత్రి పడుకునే ముందు ఆ నాలుగు మాటలు చదువుకునేది. పోతూ పోతూ కూడా నా ఆకలి గురించి తలుచుకున్నాడని ఓదార్పు పొందేది. ఇప్పుడు అది కూడా లేదు. అతను తనకు రాసిన ఆఖరి ముక్క ఏదో కాగితాలు తీసి చూసింది. ఆ రోజు పొద్దున పదిన్నరకు రాసినది. "చిలుకూరు చేరిన. బావి కాడ ఎండ బాగ ఉంది." అంతే. అందులో తన పేరు లేదు, ప్రేమ లేదు. ఎండ బాగా ఉంది, అంతే.

ప్లాట్‌ఫారం మీద రెండు బస్సులున్నాయి. ఒకటి సూర్యాపేటది. ఇంకొకటి హుజూర్‌నగర్ మీదుగా కోదాడది. కోదాడలో నాన్న ఉన్నాడు. ఈ బస్సెక్కి సాయంత్రానికి ఆ ఇంటికి చేరితే ఎందుకొచ్చావని కూడా అడగడు. సూర్యాపేటలో ఆమె బట్టలున్నాయి, బీరువాలో చందు చొక్కాలున్నాయి, పొయ్యి మీద అన్నం వండి పెట్టుకుని చూస్తూ ఒక మనిషి ఉంది.

ఆమె కోదాడ బస్సు వైపు నాలుగడుగులు వేసింది. ఫోను మోగింది. అత్తమ్మ.

మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. మూడోసారి మోగినప్పుడు జ్యోత్స్న ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

"ధర్మ ఫోన్ జేసిండు," అంది సక్కుబాయి. గొంతులో తడి లేదు. చాలా దూరం నడిచి వచ్చి కూర్చున్న మనిషి గొంతులా ఉంది. "అంత చెప్పిండట గద."

"చెప్పాడు."

"అంత చెప్పలే బిడ్డా. వానికి ఎంత తెల్సో గంతే చెప్పిండు."

సూర్యాపేట బస్సు డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. జ్యోత్స్న రెండో చెవిని అరచేత్తో మూసుకుంది.

"ఏంటత్తమ్మా?"

"ఆ రాత్రి నువ్వు పండుకున్నంక నాకు మనసు ఒప్పలే. కొడుకు యాడనో రోడ్డు మీద పడున్నడు, కుక్కలు ముడుతయేమో అని మునగాలకు పోదమని ఎల్లిన. దవాఖాన ముందట ఆటో కోసం నిలవడితే, పేరు తెల్వని మనిషిని తెచ్చిన్రని ఆడ ఎవలో మాట్లాడుకుంటున్రు. లోపలికి పోయిన." సక్కుబాయి ఊపిరి తీసుకున్న చప్పుడు ఫోనులో స్పష్టంగా వినిపించింది. "వాడు బతికున్నడు జ్యోత్స్నా. నన్ను గుర్తు పట్టిండు. మాట్లాడిండు."

జ్యోత్స్న పక్కనున్న స్తంభాన్ని పట్టుకుంది.

"నీకొక మాట చెప్పమన్నడు. నీకే చెప్పమన్నడు. ఎనిమిది నెలల నుంచి అది నా నోట్ల ఉన్నది, బయటికి రాలే. ఇంటికొస్తవో, మీ నాయన కాడికే పోతవో నీ ఇష్టం. గని ఆ మాట ఫోన్ల చెప్ప. నీ మొహం సూసుకుంట చెప్పాలె."